స్టాండేసిన సైకిలు, కదిలే ఊరు

సైకిలుకి స్టాండేసి తొక్కడం మన ఊళ్లలో పిల్లలందరికీ తెలిసిన ఆట. వెనక చక్రం నేలకి నాలుగు వేళ్ల ఎత్తున గాల్లో గిర్రున తిరుగుతుంటుంది. బండి అంగుళం కదలదు. సీటెక్కి కూర్చున్న పిల్లవాడు మాత్రం నోటితోనే బెల్లు కొట్టుకుంటూ, మలుపుల దగ్గర ఒళ్లు వంచుతూ విజయవాడ వెళ్లొచ్చేస్తాడు. కత్తులు సానపట్టే మనిషిదీ ఇదే పద్ధతి. వీధి మొదట్లో సైకిలాపి, స్టాండేసి, చక్రానికి పట్టీ తగిలించి తొక్కితే సానరాయి తిరుగుతుంది, కత్తిపీట అంచున నిప్పురవ్వలు లేస్తాయి. అరగంట తొక్కినా అతను గజం ముందుకి పోడు, కానీ చొక్కా తడుస్తుంది, కత్తి పదునెక్కుతుంది. పిల్లవాడి ఊహనీ, సానపట్టే మనిషి చాకిరీనీ ఒకచోట కలిపిన యంత్రం ఇప్పుడు ప్రపంచమంతా ఇళ్లలోకి వస్తోంది. దాన్ని ఇండోర్ ట్రైనర్ అంటున్నారు. సైకిలు వెనక చక్రం ఊడదీసి, చైనుని ఆ యంత్రానికున్న పళ్లచక్రం మీదికి ఎక్కించి, ఎదురుగా టీవీయో ఫోనో పెట్టుకుని తొక్కితే తెర మీద లండన్ వీధి కదులుతుంది. తెర మీద ఎత్తు రాగానే కాళ్ల కింద పెడల్ బరువెక్కుతుంది. దిగుడు రాగానే తేలికవుతుంది. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఇంట్లో కూర్చుని లండన్‌లో సైకిలు తొక్కడమేమిటి, డబ్బు ఎక్కువైనవాళ్ల సరదా కాకపోతే, అని ఎవరైనా అనొచ్చు. ఆ మాటకి జవాబు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ఆటలో శ్రమ పూర్తిగా నిజం. అందులో ఉన్న అసలైన కల్పన వాహనాలు అడ్డురాని రోడ్డు. ఆ కల్పనకి ఇంత గిరాకీ ఎందుకుందో పాత కృష్ణా జిల్లా మెట్టలో నిలబడి చూస్తే బాగా అర్థమవుతుంది.

శ్రమ నిజమని ఎలా చెప్పగలమో ముందు చూద్దాం. పాత సైకిళ్లకి ముందు చక్రం పక్కనో వెనక చక్రం పక్కనో డైనమో ఉండేది. పొద్దుగూకాక దాన్ని టైరుకి ఆనిస్తే లైటు వెలిగేది, ఆ క్షణం నుంచే బండి బరువెక్కేది. వెలుగు ఊరికే రాదు, తొక్కే కాళ్ల నుంచే రావాలి. ట్రైనర్ లోపల జరిగేదీ దాదాపు ఇదే. అందులో బరువైన ఇనప చక్రం ఒకటి తిరుగుతుంటుంది, దాని చుట్టూ విద్యుదయస్కాంతాలుంటాయి. వాటిలోకి కరెంటు ఎంత పంపితే చక్రాన్ని అంత గట్టిగా పట్టి ఆపుతాయి. ఇనపదో రాగిదో ముక్క కూడా తాకకుండానే అయస్కాంతం చక్రాన్ని ఎలా ఆపుతుందన్న అనుమానం వస్తే, పాత ఇళ్ల గోడ మీది కరెంటు మీటరు గుర్తుచేసుకోండి. గాజు వెనకాల అల్యూమినియం బిళ్ల ఒకటి తిరుగుతుండేది. అది పరుగెత్తకుండా పక్కనే ఒక అయస్కాంతం పెట్టేవాళ్లు. తిరిగే లోహంలో పుట్టే సుడి విద్యుత్తే దానికి కళ్లెం. ట్రైనర్‌లో ఆ కళ్లెం బిగువుని ఫోనులోని యాప్ బ్లూటూత్ ద్వారా నిర్ణయిస్తుంది. తెర మీది దారి నూటికి ఐదు వంతుల ఎత్తెక్కుతుంటే ఆ సంగతి యంత్రానికి చేరుతుంది, యంత్రం బిగుస్తుంది. అదే సమయంలో కాళ్లు ఎంత బలంతో, ఎంత వేగంతో తిప్పుతున్నాయో యంత్రం కొలిచి వాట్లలో తిరిగి చెబుతుంది. తొక్కేవాళ్ల బరువు, దారి వాలు, గాలి నిరోధం కలిపి లెక్కగట్టి యాప్ తెర మీది బొమ్మని ముందుకి జరుపుతుంది.

ఒక లెక్క వేసుకుంటే సంగతి తేటపడుతుంది. మనిషి 70 కిలోలు, సైకిలు 10 కిలోలు అనుకుందాం. నందిగామ నుంచి జగ్గయ్యపేట ఇంచుమించు 30 కిలోమీటర్లు, దారి పెద్ద ఎత్తుపల్లాలు లేనిదే. గాలి వీచని వేళ ఆ దూరాన్ని గంటలో దాటాలంటే కాళ్లు సుమారు 150 వాట్లు ఇస్తూనే ఉండాలి. అందులో మూడొంతులకి పైగా ఎదురుగా ఉన్న గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. ఇప్పుడు అదే మనిషిని జ్విఫ్ట్ అనే యాప్‌లోని పెద్ద కొండ ఎక్కించండి. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్ కనుమదారిని అచ్చు తీసినట్టు చేసిన ఆ దారి పొడవు 12.2 కిలోమీటర్లు, ఎత్తు 1036 మీటర్లు, మలుపులు 21. 80 కిలోల బరువుని 1036 మీటర్లు పైకి చేర్చడానికి 8 లక్షల 12 వేల జౌళ్ల శక్తి కావాలి. గంటన్నరలో ఎక్కాలంటే అదొక్కటే 150 వాట్లు, టైర్ల రాపిడి వగైరా కలిపితే 160. అంటే హైవే మీద గంటకి 30 కిలోమీటర్లు లాక్కుపోయిన కాళ్లు ఈ కొండ మీద ఎనిమిది కిలోమీటర్లకి పడిపోతాయి. చెట్లు, మంచు, మలుపుల దగ్గర బోర్డులు అన్నీ గీసిన బొమ్మలే గానీ, ఆ 8 లక్షల జౌళ్లలో యంత్రం ఒక్కటి కూడా తగ్గించి ఇవ్వదు. శ్రీశైలం ఘాటో అరకు ఘాటో తొక్కాలని కోరికున్న నందిగామ మనిషికి చుట్టుపక్కల సాధన చేయడానికి అంత పొడుగు కనుమే లేదు. అతనికి అలాంటి కొండని ఇంటికి తెచ్చిచ్చే సాధనం ఇప్పటికి ఇదొక్కటే.

ఇంట్లో తొక్కిన తొక్కుడు రోడ్డు మీద పనికొస్తుందా అంటే, పోటీల చరిత్రే సాక్ష్యం. ఆస్ట్రేలియా సైక్లిస్టు మాథ్యూ హేమన్ 2016 ఫిబ్రవరిలో బెల్జియంలో జరిగిన ఒక పందెంలో పడి ముంజేతి ఎముక విరగ్గొట్టుకున్నాడు. రోడ్డెక్కే వీల్లేక తన గ్యారేజీలో ట్రైనర్ మీద వారాల తరబడి తొక్కాడు. ఏప్రిల్ 10న ప్యారిస్–రూబే పందెంలో, గుండ్రాళ్లు పరిచిన ఆ మొరటు దారుల్లో, నాలుగుసార్లు గెలిచిన టామ్ బోనెన్‌ని ఆఖరి పరుగులో వెనక్కి నెట్టి మొదటి స్థానంలో నిలిచాడు. ఇంకో ఆస్ట్రేలియా కుర్రాడు జే వైన్ 2020లో జ్విఫ్ట్ సంస్థ నడిపిన ఆన్‌లైన్ ఎంపికల్లో గెలిచి దానితోనే పెద్ద జట్టులో ఉద్యోగం సంపాదించాడు. రెండేళ్లు తిరక్కుండా స్పెయిన్‌లో జరిగే వుయెల్తాలో రెండు కొండ దశలు గెలిచాడు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2020 డిసెంబరు 9న మొట్టమొదటిసారి ఈ ఆటకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించినప్పుడు పోటీదారులంతా ఎవరిళ్లలో వాళ్లు ఒకే రకం యంత్రాల మీద తొక్కారు. మగవాళ్లలో జర్మనీకి చెందిన జేసన్ ఓస్బోర్న్, ఆడవాళ్లలో దక్షిణాఫ్రికా సైక్లిస్టు ఆష్లీ మూల్మన్ పాసియో గెలిచారు. ఓస్బోర్న్ అసలు పడవ పందేల మనిషి, మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో వెండి పతకం తెచ్చుకున్నాడు. వీళ్లంతా ముందునుంచీ ఆటగాళ్లే కదా, మామూలు మనిషికి దీంతో పనేమిటి అనొచ్చు. పని ఉంది. పోటీ మనిషి గుండెకైనా గుమాస్తా గుండెకైనా వాటు వాటే. ఏ కొలతతో వాళ్ల సాధన ఫలించిందో అదే కొలత రోజుకి ముప్పావుగంట తొక్కే బ్యాంకు ఉద్యోగికీ వర్తిస్తుంది.

ఇక ఆ ఊళ్ల సంగతి. జ్విఫ్ట్ 2014లో మొదలైనప్పుడు అందులో ఉన్నది చిన్న దీవి ఒక్కటే. 2015లో అమెరికాలోని రిచ్‌మండ్ వీధులు చేరాయి, ఆ ఏడాది ప్రపంచ సైక్లింగ్ పోటీలు అక్కడ జరిగాయి గనక. తర్వాత లండన్, న్యూయార్క్, ఇటలీలోని బొలోన్యా వచ్చాయి. 2020లో కరోనా వల్ల టూర్ ద ఫ్రాన్స్ ఆగస్టు చివరికి జరిగిపోతే, జూలైలో తెర మీదే ఒక టూర్ నడిపారు, దానికోసం ప్యారిస్‌లోని షాంజెలిజే రాదారిని గీశారు. ఈ నగరాలన్నిట్లోనూ ఒక సమాన లక్షణం ఉంది, మొదట కంటికి ఆనదు. లండన్‌లో టవర్ బ్రిడ్జి ఉంటుంది, రాజప్రాసాదం ముందు రోడ్డు ఉంటుంది, ఊరి బయట ఎక్కడో దూరాన ఉన్న బాక్స్ హిల్ కొండకి భూగర్భ రైలు సొరంగంలోంచి సైకిలు మీదే వెళ్లిపోయే ఏర్పాటు కూడా ఉంటుంది. మన దారికి అడ్డొచ్చే కారు మాత్రం ఉండదు. న్యూయార్క్‌ని భవిష్యత్తులో ఉన్నట్టు ఊహించి గీశారు. సెంట్రల్ పార్కు చెట్ల మీదుగా గాజు రోడ్లు సైకిళ్ల కోసం పరిచి, కార్లని గాల్లో ఎగిరే వాహనాలుగా చేసి ఆకాశంలోకి పంపేశారు. అగ్నిపర్వతాలూ సముద్రం అడుగు సొరంగాలూ గీయగల చిత్రకారులు నగరం దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా ముందు ఊహించుకున్నది ఇదే, సైకిలుకి నిండు రోడ్డు. తొక్కేవాళ్లు ఆ తెర ముందు గంటలకొద్దీ కూర్చోవడానికి టవర్ బ్రిడ్జి అందమే కారణమైతే ఫొటో చూస్తే సరిపోయేది. వెనక నుంచి ఎవరూ హారన్ కొట్టని దారి దొరకడం వల్లే కూర్చుంటున్నారని నా నమ్మకం.

ఆ నమ్మకానికి ఆధారం మన 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. 2010లో నంబర్లు మారేదాకా దీన్ని తొమ్మిదో నంబరు రోడ్డనేవాళ్లం. హైదరాబాదు, విజయవాడల మధ్య పోయే ప్రతి బస్సూ కారూ లారీ చిల్లకల్లు టోల్‌గేటూ కీసర టోల్‌గేటూ దాటాల్సిందే. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి ఉంది కాబట్టి జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి లారీలు ఇదే రోడ్డెక్కుతాయి. ఇక్కడ సైకిలు తొక్కేవాళ్లకి మిగిలేది తెల్లగీతకి అవతలి మూరెడు జాగా. అందులోనే కంకర పిక్కలు, పగిలిన గాజు, లారీ టైర్లు పేలి ఊడిన పీలికలు ఉంటాయి. ఆ పీలికల్లోని సన్నటి ఉక్కు తీగ సైకిలు టైరులో దిగితే పంచరే. ఎనభై కిలోమీటర్ల వేగంతో లారీ పక్కనుంచి పోయేటప్పుడు దాని ముందున్న గాలి సైకిలుని మొదట అవతలికి తోస్తుంది, లారీ వెళ్లిన మరుక్షణం వెనకాల ఏర్పడ్డ ఖాళీ రోడ్డు మధ్యకి లాగుతుంది. ఆ రెండు కుదుపుల మధ్య హ్యాండిలు నిలబెట్టుకోవాలి. ఇంతలో సర్వీసు రోడ్డు లేనిచోట రాంగ్ రూట్లో ట్రాక్టరు ఎదురొస్తుంది. ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 36 శాతం మరణాలు జాతీయ రహదారుల మీదే జరిగాయి. మన రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతానికి కాస్త ఎక్కువ, అంతే. ఆరోగ్యం కోసం సైకిలు తొక్కాలనుకున్న మనిషి ఈ రోడ్డు చూసి వెనక్కి తగ్గితే అది బద్ధకం అనడం అన్యాయం.

హైవే ఎందుకు, లోపలి రోడ్లున్నాయి కదా, తెల్లవారుజామునే వెళ్తే ఏ గొడవా ఉండదు కదా అన్నది వినదగ్గ అభ్యంతరమే. నిజంగానే జగ్గయ్యపేట నుంచి కృష్ణ ఒడ్డున ఉన్న వేదాద్రికీ ముక్త్యాలకీ, నందిగామ వైపు నుంచి మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలుకీ పోయే దారుల్లో పొద్దున పూట తొక్కడం కన్నా హాయి లేదు. ఇరువైపులా పత్తి చేలు, మిరప చేలు, నల్లరేగడి వాసన, ఏటి మీంచి వచ్చే చల్లగాలి. ఆ అవకాశం ఉన్న రోజున ట్రైనర్ ఎక్కేవాళ్లకి నేను కూడా రోడ్డెక్కమనే చెబుతాను. కానీ ఏడాదిలో అలాంటి రోజులు ఎన్నని లెక్కపెడితే చిక్కు తెలుస్తుంది. నాలుగున్నరకి లేచి బయల్దేరితే చీకట్లో గుంట కనపడదు, కుక్కలు వెంటపడతాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద మొక్కజొన్నో మిర్చో ఆరబోసి ఉంటుంది. అది రైతు తప్పు కాదు, కల్లం చాలనివాళ్లకి తారురోడ్డే కల్లం. వానాకాలంలో ఏరు పొంగితే హైవేనే తెగుతుంది. 2023 జూలై చివర్లో మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో జాతీయ రహదారి మీదికి నీళ్లొస్తే విజయవాడ, హైదరాబాదుల మధ్య రాకపోకలే ఆగిపోయాయి. ఆరోగ్యానికి చేసే వ్యాయామం వారానికి నాలుగైదు రోజులు తప్పకుండా సాగితేనే ఫలితం. ఆ క్రమం తప్పకుండా ఉండటానికి ఇంట్లో ఒక ఏర్పాటు ఉండాలి.

ఎండ మాట వచ్చేసరికి ఈ యంత్రానికి అనుకూలంగా చెప్పేవాళ్లు చాలామంది తొందరపడతారు, అక్కడ కొంచెం ఆగాలి. నందిగామ, జగ్గయ్యపేటల్లో మే నెలలో 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. కాబట్టి ఇంట్లో తొక్కడం మేలనిపిస్తుంది. అయితే మన ఒంటి కండ తిన్నదాంట్లో నాలుగో వంతు కూడా పనిగా మార్చలేదు, మిగతాదంతా వేడిగా వదిలేస్తుంది. పెడల్ మీద 150 వాట్లు పెట్టే మనిషి ఒంట్లోంచి ఇంకో 500 వాట్ల వేడి బయటికి రావాలి. అంటే ఒక చిన్న ఎలక్ట్రిక్ ఇస్త్రీపెట్టె అంత. రోడ్డు మీదైతే బండి వేగమే విసనకర్ర, ఎదురుగాలికి చెమట ఆరిపోతూ ఒళ్లు చల్లబడుతుంది. గదిలో ఆ గాలి లేదు. 500 వాట్ల వేడిని చెమటే తీసుకుపోవాలంటే గంటకి ముప్పావు లీటరు చెమట ఒంటి మీదే ఆవిరవ్వాలి. ముక్కు చివర నుంచి బొట్లు బొట్లుగా కింద పడిన చెమట ఒంటిని చల్లబరచదు, నేలని తడుపుతుందంతే. గది వేడి 35 డిగ్రీలు దాటాక ఫ్యాను గాలి తనంతట తాను చల్లదనం ఇవ్వలేదు, చెమటని ఆరబెట్టడమే దాని పని. మెట్టలో మే నెల గాలి పొడిగా ఉన్నంతసేపు ఆ పని బాగానే చేస్తుంది, ఉక్కపోత మొదలయ్యాక చేయలేదు. అందుకని వేసవిలో ఇంట్లో తొక్కినా తెల్లవారకముందే తొక్కాలి. పైకప్పు ఫ్యాను చాలదు, ఛాతీకి ఎదురుగా నేల మీద గట్టి ఫ్యాను ఉండాలి. పక్కన ఉప్పు వేసిన మజ్జిగో నీళ్లో ఉండాలి. డాబా ఇంటి పైగదిలో సాయంత్రం ఆరింటికి తలుపులేసుకుని కొండ ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఎండ నుంచి ఈ యంత్రం కాపాడుతుందనే మాట సగం నిజం. లారీ నుంచి కాపాడుతుందన్నదే పూర్తి నిజం.

ఆ రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో కూడా ఆలోచించాలి. కొన్నేళ్ల కిందట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లిచ్చింది. మన చిన్న పట్నాల్లో ఆ పిల్లలు బారులు తీరి బడికెళ్లడం చూశాం. పదో తరగతి అయ్యాక వాళ్లలో ఎంతమంది సైకిలెక్కుతున్నారు? చదువు కాలేజీ బస్సుకి మారుతుంది, తర్వాత పెళ్లి, తర్వాత ఆయన బండి వెనక సీటు. ముప్పై ఐదేళ్ల గృహిణి ఒకరు ఆరోగ్యం కోసం గాంధీ సెంటరు మీదుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్లడం చూస్తే ఊరు తలతిప్పి చూస్తుంది. ఆ చూపుని తట్టుకోనక్కర్లేకుండా, చీరో చుడీదారో టీషర్టో ఏది వేసుకున్నా అడిగేవాళ్లు లేకుండా, పిల్లలు లేచేలోపు ముప్పావుగంట తొక్కుకునే వీలు ఈ యంత్రం ఇస్తుంది. అది మళ్లీ ఆడదాన్ని నాలుగు గోడల మధ్యే ఉంచడం కాదా అంటే, ఆ అభ్యంతరం బరువైనదే. చేయగల సమాధానం ఒక్కటే. బయటి రోడ్డు ఆమెదయ్యేదాకా ఆమె ఒంటికి వ్యాయామం వాయిదా పడకూడదు. కాళ్లకి బలం వచ్చిన మనిషి రోడ్డుని అడగడం ఎక్కువవుతుందే గానీ తగ్గదు.

ఖర్చు సంగతి దాచిపెట్టాల్సింది కాదు. చైను నేరుగా తగిలించే స్మార్ట్ ట్రైనర్ల ధర వేలల్లో మొదలై లక్ష దాటుతుంది. జ్విఫ్ట్‌కి నెలకి 20 డాలర్ల చందా, అంటే పదిహేడు వందల రూపాయల పైమాటే. మామూలు కుటుంబానికి ఇది తలకి మించిన భారం, ఎవరికీ అప్పు చేసి కొనమని చెప్పకూడదు. అయితే తలుపు పూర్తిగా మూసి లేదు. అబుదాబీ నుంచి నడిచే మైవూష్ యాప్‌కి చందా లేదు, ప్రపంచ ఈ–సైక్లింగ్ పోటీలు కూడా 2024లో దాని మీదే జరిగాయి. వెనక టైరుకి ఆనించి తిప్పే పాతరకం ట్రైనరు, దానికో వేగం కొలిచే సెన్సరు, ఉన్న సైకిలు, ఉన్న ఫోను కలిస్తే కొండ బరువు కాళ్లకి తెలియకపోయినా దారి కదులుతుంది. దీనికన్నా మంచి ఉపాయం ఇంకోటి ఉంది. ఊళ్లో జిమ్ములున్నాయి, కళాశాలల్లో వ్యాయామ గదులున్నాయి, ఫ్యాక్టరీ కాలనీల్లో క్లబ్బులున్నాయి. అలాంటిచోట రెండు యంత్రాలుంటే వంతులవారీగా ముప్పైమంది తొక్కొచ్చు. ఒకప్పుడు మనకి సొంత సైకిలు లేక అద్దె సైకిలు షాపులుండేవి. గంటకింతని చెల్లించి తొక్కి, టైము దాటకముందే పరుగున తెచ్చి అప్పగించేవాళ్లు. ఆ పద్ధతి ఈ యంత్రానికి చక్కగా సరిపోతుంది.

ఈ యంత్రానికి నేర్పడం చేతకాని విద్యలూ ఉన్నాయి, వాటిని ఒప్పుకోవాలి. నిలకడగా బిగించిన బండి మీద తూకం నేర్చుకోలేం. బ్రేకు ఎంత నొక్కాలో, ఇసక మీద మలుపు ఎలా తిప్పాలో, వెనక వచ్చే బండి చప్పుడు విని అది లారీయా ఆటోయా ఎలా తెలుసుకోవాలో గదిలో రాదు. ఇంట్లో ఆరు నెలలు తొక్కి నేరుగా హైవే ఎక్కిన మనిషికి కాళ్ల బలం రోడ్డు అనుభవం కన్నా ఎక్కువుంటుంది, అది ప్రమాదకరమైన తేడా. మోసాలూ ఉన్నాయి. బరువు తక్కువ రాసి కొండ మీద వేగం పెంచుకునేవాళ్లున్నారు. 2019లో బ్రిటన్ జాతీయ ఈ–రేసు గెలిచిన ఆటగాడు తెర మీద వాడే ప్రత్యేక సైకిలుని కంప్యూటర్ ప్రోగ్రాం సాయంతో సంపాదించాడని తేలి పతకం పోగొట్టుకున్నాడు, ఆర్నెల్లు నిషేధానికి గురయ్యాడు. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్లకి ఈ మోసంతో పని లేదు, తన బరువు తాను తక్కువ రాసుకుంటే మోసపోయేది తన గుండే.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకా మిగిలే ఉంది. ఉన్నవాళ్లంతా ఇళ్లలోకి పోయి తొక్కుకుంటే సైకిలు దారి కావాలని అడిగేదెవరు? మినరల్ వాటర్ క్యాన్లు వచ్చాక మంచినీళ్ల కుళాయి కోసం గొంతెత్తేవాళ్లు తగ్గినట్టే ఇదీ అవుతుందేమో. ఈ భయం నాకూ ఉంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిలు ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమంది పొలానికో, పనికో, బడికో వెళ్లేవాళ్లు, తెర ముందు తొక్కే స్తోమతు లేనివాళ్లు. వాళ్లకి లారీ పక్కనుంచే దారి. అయినా ఈ యంత్రం ఆ అడగడాన్ని చంపుతుందని నేననుకోను, ఎందుకంటే హైదరాబాదులో జరిగింది వేరు. అక్కడ సరదాకీ సాధనకీ తొక్కేవాళ్ల గుంపులు పెరిగాకే, ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ప్రత్యేక సైకిలు బాట వచ్చింది. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఆ బాటకి పైన సౌర ఫలకాల కప్పు వేశారు, దాని మీద 16 మెగావాట్ల విద్యుత్తు తయారవుతుంది, కింద తొక్కేవాళ్లకి నీడ దొరుకుతుంది. లారీ లేదు, ఎండ లేదు, తెర మీద గీసిన న్యూయార్క్‌కి ఇది నేల మీద వచ్చిన చుట్టం. పేదవాడి సైకిలు అర్జీకి కదలని కార్యాలయం ఉద్యోగస్థుల సైకిలు సరదాకి కదిలిందంటే బాధ కలగాలి, నిజమే. కానీ ఒకసారి దారి పడ్డాక అది ఎవరి సైకిలైనా మోస్తుంది. కాబట్టి తెర ముందు తొక్కేవాళ్లు తమ వాట్లని కొలుచుకోవడంతో ఆగకుండా, ఆ దారి తమ ఊరికి కావాలని కూడా అడగాల్సినవాళ్లు.

ఇంకో చిన్న సంగతి నన్ను ఆకట్టుకుంటుంది. తెర మీద ప్యారిస్‌కీ లండన్‌కీ ఉన్న చోటు జగ్గయ్యపేటకి లేదు. పాత బేతవోలుని జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పట్నంగా కట్టి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఊరి పక్క ధనబోడు దిబ్బ మీద 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ వెలికితీసిన బౌద్ధ స్తూపంలో ఒక చక్రవర్తి శిల్పం దొరికింది. రాజు చెయ్యెత్తి నిలబడితే పైనుంచి నాణేల వాన కురుస్తుంటుంది, ఆయన చుట్టూ ఉన్న ఏడు రత్నాల్లో చక్రం ఒకటి. లోకమంతా అడ్డు లేకుండా దొర్లే చక్రమని దానికి అర్థం. ఇంతటి చరిత్ర ఉన్న ఊరి దారిని ఎవరో పెద్ద సంస్థ వచ్చి గీసేదాకా ఆగాల్సిన పని లేదు. హ్యాండిలు మీద పెట్టుకునే జీపీఎస్ కంప్యూటర్లు కొన్నింట్లో, ఒకసారి తొక్కిన దారి నమోదును ఎక్కిస్తే చాలు, అందులోని ప్రతి ఎత్తూ పల్లమూ ట్రైనర్ కాళ్లకి తెలిసేలా చేస్తుంది. జగ్గయ్యపేట నుంచి వేదాద్రి దారిని ఒకరు శీతాకాలం పొద్దున తొక్కి నమోదు చేసిస్తే, అదే దారిని న్యూజెర్సీలో మంచు కురిసే రోజున ఈ ఊరి పిల్ల ఇంట్లో తొక్కుకోవచ్చు. కృష్ణ వైపు దిగే చోట పెడల్ తేలికవుతుంది, తిరుగుదారిలో బరువెక్కుతుంది. ఏటి గాలి రాదు, గుడి గంట వినపడదు. అయినా కాళ్లు ఆ దారిని గుర్తుపడతాయి.

హైదరాబాదు–విజయవాడ రోడ్డుని ఆరు వరుసలకి పెంచే సన్నాహాలు సాగుతున్నాయి. వరుసలు పెరిగితే వేగం పెరుగుతుంది, తెల్లగీత అవతల మిగిలే మూరెడు జాగాకి ఏమవుతుందో ఎవరూ ప్రత్యేకంగా చెప్పడం లేదు. 2022 నుంచి నందిగామ కొత్త ఎన్టీఆర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం, కాబట్టి అర్జీ పట్టుకుని విజయవాడ దాకా పోనక్కర్లేదు. పొలానికెళ్లే కూలీ, ప్రభుత్వ సైకిలు మీద బడికెళ్లే పిల్ల, తెల్లవారుజామున టీవీ ముందు చెమటోడ్చే ఉద్యోగి ఆ అర్జీ మీద కలిసి సంతకం పెట్టొచ్చు. ఐతవరం దగ్గర మునేటి నీళ్లెక్కని ఎత్తులో మొదలై, నందిగామ మీదుగా చిల్లకల్లు దాకా, సర్వీసు రోడ్డు పక్కన వేపచెట్ల వరస కింద, లారీకి అందకుండా గట్టు కట్టిన రెండు మీటర్ల దారి అని అందులో రాస్తే చాలు.